ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత శ్వాసనాళపు అతుకు: మానే క్రమం, తలెత్తే చిక్కులు, ఖరగ్‌పూర్ రోగులు గమనించవలసినవి

ఖరగ్‌పూర్: ఊపిరితిత్తుల మార్పిడి శస్త్రచికిత్స కొన్ని గంటల్లో ముగుస్తుంది. దాత ఊపిరితిత్తిని రోగి శ్వాసమార్గంతో కలిపిన అతుకు మానడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ అతుకు వద్ద కొన్ని చిక్కులు నెలల తర్వాత బయటపడతాయి. అప్పటికి రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరి ఉంటాడు. మార్పిడి కేంద్రం ఉన్న నగరంలోనే నివసించే వారికి ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో శస్త్రచికిత్స చేయించుకొని పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు తిరిగి వచ్చే రోగికి మాత్రం ఆ కాలపట్టిక తెలిసి ఉండటం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పట్టణం ఖరగ్‌పూర్. ఇక్కడ ఊపిరితిత్తుల మార్పిడి కేంద్రం లేదు. పెద్ద చికిత్స అవసరమైనప్పుడు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాకు వెళ్లడమో, భాష, బంధుత్వాల దృష్ట్యా దక్షిణాదికి రైలెక్కడమో ఇక్కడివారికి పరిపాటి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్‌కు గాని, కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి గాని చేరడానికి దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. శ్వాస ఆడని రోగికి ఆ ఒక్క రోజు చాలా విలువైనది.

ఒక్క అతుకుకే రక్తం కొరత

శరీరంలోని చాలా అవయవాలకు భిన్నంగా ఊపిరితిత్తులకు రెండు రక్త సరఫరా మార్గాలు ఉంటాయి. మొదటిది పుపుస ధమని. గుండె కుడివైపు నుంచి ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకువచ్చి శుద్ధి కావించే మార్గమిది. రెండవది శ్వాసనాళ ధమనులు. ఇవి ప్రధానంగా బృహద్ధమని నుంచి చీలి, ఆక్సిజన్ నిండిన రక్తాన్ని శ్వాసనాళాల గోడలకు అందిస్తాయి. గుండె పంపే మొత్తం రక్తంలో వీటి వాటా సుమారు 1 శాతమే అయినా, శ్వాసనాళపు గోడ పోషణకు ఆధారం ఇవే.

మార్పిడి సమయంలో శస్త్రవైద్యులు ఒక్కో ఊపిరితిత్తికి మూడు అతుకులు వేస్తారు. పుపుస ధమనిని ధమనితో, పుపుస సిరల ముఖద్వారాన్ని గుండె ఎడమ కర్ణికతో, శ్వాసనాళాన్ని శ్వాసనాళంతో కలుపుతారు. శ్వాసనాళ ధమనులు సన్నగా ఉంటాయి. వాటి అమరిక ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉంటుంది. అందువల్ల అత్యధిక కేంద్రాలలో వాటిని తిరిగి కలపరు.

ఫలితంగా దాత వైపు శ్వాసనాళపు కొస కొన్ని వారాలపాటు తన సొంత రక్త సరఫరా లేకుండానే బతకవలసి వస్తుంది. పుపుస ధమని నుంచి చిన్న చిన్న సంధి నాళాల గుండా వెనుదిరిగి వచ్చే కొద్దిపాటి రక్తమే దానికి ఆధారం. ఆ రక్తంలో పీడనమూ తక్కువే, ఆక్సిజనూ తక్కువే. రోగి వైపు నుంచి కొత్త సూక్ష్మ రక్తనాళాలు అతుకును దాటి ఎదగడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ వ్యవధిలోనే అతుకు అత్యంత బలహీనంగా ఉంటుంది.

దీనికి మరో రెండు ప్రతికూలతలు తోడవుతాయి. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మందులు గాయం మానే వేగాన్ని తగ్గిస్తాయి. గుండె, మూత్రపిండం, కాలేయాలకు భిన్నంగా ఊపిరితిత్తి ప్రతి శ్వాసలోనూ బయటి గాలితో, అందులోని సూక్ష్మక్రిములతో నేరుగా సంపర్కంలో ఉంటుంది.

రెండు దశాబ్దాలు ఆపిన సమస్య

మనిషికి తొలి ఊపిరితిత్తి మార్పిడిని 1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో డాక్టర్ జేమ్స్ హార్డీ బృందం నిర్వహించింది. ఆ రోగి 18 రోజులు జీవించి మూత్రపిండాల వైఫల్యంతో మరణించాడు. తర్వాతి రెండు దశాబ్దాలలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 40 ప్రయత్నాలు జరిగాయి. 1968లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో డాక్టర్ ఫ్రిట్జ్ డెరోమ్ బృందం చికిత్స చేసిన రోగి సుమారు పది నెలలు జీవించడమే ఆ కాలంలోని ఉత్తమ ఫలితం. తొలి రెండు వారాలు గడిచి బతికిన రోగులలో మరణాలకు ప్రధాన కారణాలలో ఒకటి శ్వాసనాళపు అతుకు విడిపోవడం.

ఈ చిక్కుముడిని విప్పింది కెనడాలోని టొరంటో బృందం. డాక్టర్ జోయెల్ కూపర్ నేతృత్వంలో జంతువులపై జరిపిన ప్రయోగాలలో, ఆనాడు అధిక మోతాదులో వాడుతున్న స్టెరాయిడ్లు శ్వాసనాళపు గాయం మానడాన్ని దెబ్బతీస్తున్నాయని తేలింది. అప్పుడే అందుబాటులోకి వచ్చిన సైక్లోస్పోరిన్ వల్ల అంతటి హాని కలగలేదు. ఉదరకుహరంలోని కొవ్వు పొరను రక్తనాళాలతో సహా పైకి తెచ్చి అతుకు చుట్టూ చుడితే కొత్త రక్తనాళాలు త్వరగా ఏర్పడతాయని కూడా ఆ బృందం చూపింది. ఈ అవగాహనతో 1983 నవంబరులో టొరంటోలో పుపుస ఫైబ్రోసిస్ రోగికి చేసిన ఒకవైపు మార్పిడి, దీర్ఘకాలిక విజయం సాధించిన తొలి ఊపిరితిత్తి మార్పిడిగా చరిత్రకెక్కింది. ఆ రోగి ఆరేళ్లకు పైగా జీవించాడు.

1986లో అదే కేంద్రం రెండు ఊపిరితిత్తులను ఒకే ఖండంగా మార్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. అందులో ప్రధాన వాయునాళం వద్ద ఒకే అతుకు ఉండేది. అక్కడికి రక్తం చేరవలసిన దూరం మరింత పెరగడంతో అతుకు చెడిపోయే సందర్భాలు అధికమయ్యాయి. 1990 నాటికి అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు రెండు ఊపిరితిత్తులను ఒకదాని తర్వాత ఒకటిగా, విడివిడి శ్వాసనాళపు అతుకులతో అమర్చే పద్ధతిని వివరించారు. నేడు రెండువైపుల మార్పిడికి అత్యధికంగా అనుసరిస్తున్న విధానానికి ఇదే మూలం.

నేటి శస్త్రచికిత్సలో పాటిస్తున్న జాగ్రత్తలు

దాత వైపు శ్వాసనాళం ఎంత పొడవుగా ఉంటే దాని కొసకు రక్తం అంత తక్కువగా అందుతుంది. అందువల్ల దానిని ఊపిరితిత్తి పై తమ్మెకు వెళ్లే శాఖకు సమీపం వరకు, ఒకటి లేదా రెండు మృదులాస్థి వలయాలు మాత్రమే మిగిలేలా కత్తిరిస్తారు. చుట్టూ ఉన్న మెత్తని కణజాలాన్ని అనవసరంగా ఒలవకుండా కాపాడి, అతుకు వేసిన తర్వాత దానితోనే కప్పుతారు. ఈ జాగ్రత్తల వల్ల ఉదరపు కొవ్వు పొరతో చుట్టవలసిన అవసరం చాలావరకు తప్పిపోయింది.

ఒక కొసను మరొక కొసలోకి దూర్చి కుట్టే పద్ధతి ఒకప్పుడు వాడుకలో ఉండేది. దానివల్ల అతుకు వద్ద మార్గం ఇరుకయ్యే అవకాశం ఎక్కువని గమనించిన తర్వాత, రెండు అంచులను ఎదురెదురుగా పెట్టి కుట్టే పద్ధతికి ప్రాధాన్యం పెరిగింది. స్టెరాయిడ్ల విషయంలోనూ తొలినాటి భయం కొంత సడలింది. శస్త్రచికిత్సకు ముందు తక్కువ మోతాదులో వాడే స్టెరాయిడ్లు అతుకుకు పెద్దగా హాని చేయవని తర్వాతి అనుభవంలో వెల్లడైంది.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పెద్ద కేంద్రాల నివేదికలలో శ్వాసనాళపు చిక్కుల రేటు సుమారు 2 నుంచి 18 శాతం వరకు కనిపిస్తుంది. వీటివల్ల సంభవించే మరణాలు 2 నుంచి 4 శాతం మేర ఉన్నట్లు వైద్య సాహిత్యం పేర్కొంటోంది.

నాలుగు ప్రధాన చిక్కులు

ఒక్కో కేంద్రం ఒక్కో కొలమానం వాడటం వల్ల ఫలితాలను పోల్చడం కష్టమయ్యేది. దీనిని సరిదిద్దేందుకు అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం 2018లో ఏకాభిప్రాయ పత్రాన్ని వెలువరించింది. అది చిక్కులను నాలుగు వర్గాలుగా విభజించి, ప్రతి దానికీ స్థానం, తీవ్రతల ఆధారంగా శ్రేణులు నిర్ణయించింది.

మొదటిది రక్తం అందక కణజాలం దెబ్బతినడం, ముదిరితే కుళ్లిపోవడం. తొలి వారాలలో చేసే బ్రాంకోస్కోపీలో అతుకు చుట్టూ పాలిపోయిన లేదా నల్లబడిన పొర కనిపిస్తుంది. స్వల్పంగా ఉంటే అది తనంతట తానే ఊడిపోయి కింద కొత్త పొర ఏర్పడుతుంది. అతుకు నుంచి ఒక సెంటీమీటరు దాటి లోపలి శాఖల వరకు పాకినా, నాళపు చుట్టుకొలతలో సగానికి మించి ఆక్రమించినా తర్వాతి చిక్కులకు సూచనగా భావిస్తారు.

రెండవది అతుకు విడిపోవడం. ఇది సాధారణంగా ఒకటి నుంచి ఐదు వారాల మధ్య బయటపడుతుంది. ఛాతీ గొట్టం నుంచి గాలి ఆగకుండా రావడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, చర్మం కింద గాలి బుడగలు తగలడం, జ్వరం, ఆయాసం దీని లక్షణాలు. సూక్ష్మక్రిములు ఛాతీ మధ్యభాగానికి వ్యాపిస్తే ప్రాణాపాయం కలుగుతుంది. చాలా అరుదుగా శ్వాసనాళానికీ పక్కనున్న పెద్ద రక్తనాళానికీ మధ్య రంధ్రం ఏర్పడి తీవ్ర రక్తస్రావం జరుగుతుంది.

మూడవది మార్గం ఇరుకవడం. చిక్కులన్నిటిలో అత్యధికంగా కనిపించేది ఇదే. ఎక్కువగా రెండు నుంచి తొమ్మిది నెలల మధ్య వ్యక్తమవుతుంది. రక్తం చాలక దెబ్బతిన్న చోట మచ్చ కణజాలం ఏర్పడి ముడుచుకుపోవడం, గ్రాన్యులేషన్ అని పిలిచే ఎర్రని కండ అతిగా పెరిగి మార్గాన్ని కమ్మడం ఇందుకు కారణాలు. ఇరుకు అతుకు వద్దనే ఉండవచ్చు, దానిని దాటి లోపలి శాఖలలోనూ రావచ్చు. కుడివైపు మధ్యస్థ శ్వాసనాళం క్రమంగా పూర్తిగా మూసుకుపోయే అరుదైన రూపం చికిత్సకు అత్యంత కఠినమైనది.

నాలుగవది నాళపు గోడ మెత్తబడటం. మృదులాస్థి తన బిగువు కోల్పోవడం వల్ల ఊపిరి వదిలేటప్పుడు మార్గం లోపలికి కుంగిపోతుంది. ఊపిరి వదిలే సమయంలో మార్గం సగానికి మించి కుదించుకుపోతే దీనిని గుర్తిస్తారు. రోగి బలంగా దగ్గినా కఫం బయటకు రాదు. అది లోపలే నిలిచి మళ్లీ మళ్లీ న్యుమోనియాకు దారి తీస్తుంది.

ముప్పు ఎవరికి ఎక్కువ

దాత ఊపిరితిత్తి పరిమాణానికీ రోగి ఛాతీ పరిమాణానికీ పొంతన లేకపోవడం, మార్పిడి జరిగిన వెంటనే కొత్త ఊపిరితిత్తి వాపుకు గురై సరిగా పనిచేయకపోవడం, వెంటిలేటర్‌పై చాలా రోజులు ఉండవలసి రావడం, రక్తపోటు పడిపోవడం వంటివి అతుకుకు అందే రక్తాన్ని మరింత తగ్గిస్తాయి. తొలినాళ్ల తీవ్ర తిరస్కరణ కూడా ముప్పును పెంచుతుంది.

అంటువ్యాధులలో సూడోమోనాస్ బ్యాక్టీరియా, ఆస్పర్‌జిల్లస్ బూజు ముఖ్యమైనవి. రక్తం అందని కణజాలం బూజుకు అనువైన నేల. అతుకు వద్ద బూజు పాతుకుపోతే అది విడిపోవడానికి, తర్వాత ఇరుకవడానికి కూడా దారి తీస్తుంది. కనుక అనేక కేంద్రాలలో తొలి నెలల్లో పీల్చే యాంఫోటెరిసిన్ గాని, నోటి ద్వారా ఇచ్చే బూజు నిరోధక మందులు గాని ముందుజాగ్రత్తగా వాడతారు.

మందులలో సిరోలిమస్ విషయంలో ప్రత్యేక హెచ్చరిక ఉంది. మార్పిడి జరిగిన తొలి రోజులలోనే దీనిని ప్రారంభించిన రోగులలో అతుకు విడిపోయి మరణాలు సంభవించడంతో, ఊపిరితిత్తుల మార్పిడికి సంబంధించి మందు సమాచార పత్రంలోనే ఆ హెచ్చరికను చేర్చారు. ఈ తరగతి మందులు అవసరమైతే కనీసం మూడు నెలల తర్వాత, అతుకు పూర్తిగా మానిందని బ్రాంకోస్కోపీలో నిర్ధారించుకొని మాత్రమే మొదలుపెట్టడం ఆచారంగా మారింది.

తిరస్కరణా, ఇరుకుదనమా

మార్పిడి తర్వాత ఆయాసం పెరిగితే మొదట గుర్తుకు వచ్చేది అవయవ తిరస్కరణ. ఆ తర్వాత అంటువ్యాధి. శ్వాసనాళం ఇరుకవడంలోనూ అవే లక్షణాలు కనిపిస్తాయి: ఆయాసం, పిల్లికూతలు, దగ్గు, ఊపిరి ఊదే పరీక్షలో సామర్థ్యం తగ్గడం. చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు. తిరస్కరణకు స్టెరాయిడ్ల మోతాదు పెంచుతారు. అంటువ్యాధికి తగిన మందులు ఇచ్చి, అవసరమైతే నిరోధక మందులను తగ్గిస్తారు. ఇరుకైన నాళాన్ని వెడల్పు చేయవలసి ఉంటుంది. ఇరుకుదనాన్ని తిరస్కరణగా పొరబడి స్టెరాయిడ్లు పెంచితే రోగికి మేలు జరగకపోగా అంటువ్యాధుల ముప్పు అధికమవుతుంది. ఆస్తమాగా భావించి పీల్చే మందులతో సరిపెడితే విలువైన కాలం వృథా అవుతుంది.

స్పైరోమెట్రీలో గాలి ప్రవాహపు వక్రరేఖ చదునుగా మారడం స్థిరమైన ఇరుకుకు ఒక సూచన. సీటీ స్కాన్ ఇరుకు ఎక్కడుందో, అతుకు వెలుపల గాలి చేరిందో లేదో చూపుతుంది. తుది నిర్ధారణ మాత్రం బ్రాంకోస్కోపీతోనే జరుగుతుంది. కంటితో చూడటం, కఫం నమూనా తీయడం, తిరస్కరణ ఉందో లేదో తెలుసుకోవడానికి బయాప్సీ చేయడం అందులోనే సాధ్యమవుతుంది.

షెడ్యూలు కేంద్రాన్ని బట్టి మారినా, శస్త్రచికిత్స ముగిసిన వెంటనే, ఆసుపత్రి నుంచి పంపే ముందు, తర్వాత 1, 3, 6, 12 నెలల వద్ద బ్రాంకోస్కోపీ చేయడం అనేక చోట్ల అనుసరించే క్రమం. లక్షణాలు కనిపిస్తే ఈ తేదీల కోసం వేచి ఉండరు.

చికిత్స మార్గాలు

స్వల్పంగా దెబ్బతిన్న అతుకుకు తరచు పరిశీలన, చచ్చిన కణజాలం తొలగింపు, బ్యాక్టీరియా, బూజు మందులు సరిపోతాయి. చిన్న చీలికలు చాలావరకు ఈ జాగ్రత్తలతోనే మూసుకుంటాయి. కొంత పెద్దవైతే తాత్కాలికంగా లోహపు జాలీ స్టెంటును అమర్చి, దాని చుట్టూ కండ పెరిగి చీలిక పూడిన తర్వాత కొన్ని వారాలలోనే తీసివేసే పద్ధతి కొన్ని కేంద్రాలలో ఉంది. పూర్తిగా విడిపోతే శస్త్రచికిత్స తప్పదు, అందులో ముప్పు అధికం.

ఇరుకైన నాళానికి తొలి చికిత్స బెలూన్‌తో విస్తరించడం. బ్రాంకోస్కోపు ద్వారా పంపిన చిన్న బెలూన్‌ను ఇరుకు వద్ద ఉబ్బించి మార్గాన్ని వెడల్పు చేస్తారు. ఉపశమనం వెంటనే కలుగుతుంది. అయితే చాలామందిలో మచ్చ కణజాలం తిరిగి ముడుచుకుంటుంది కనుక కొన్ని వారాల వ్యవధిలో పలుమార్లు చేయవలసి రావచ్చు. అతిగా పెరిగిన కండను లేజర్, విద్యుత్ దహనం, ఆర్గాన్ ప్లాస్మా, అతిశీతల చికిత్సలతో తొలగిస్తారు.

పదేపదే ఇరుకవుతుంటే స్టెంటు అవసరమవుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన డాక్టర్ జాన్ ఫ్రాన్సువా డ్యూమాన్ 1990లో పరిచయం చేసిన సిలికాన్ స్టెంటును అవసరం తీరాక తీసివేయవచ్చు. దానిని అమర్చడానికి మత్తు ఇచ్చి గట్టి గొట్టపు బ్రాంకోస్కోపు వాడాలి. స్టెంటు జరిగిపోవడం, కఫంతో పూడిపోవడం దాని లోపాలు. లోహపు స్టెంటును అమర్చడం సులభం, కాని కాలం గడిచేకొద్దీ అది నాళపు గోడలో కలిసిపోయి తీయడం కష్టమవుతుంది. క్యాన్సర్ లేని శ్వాసనాళపు వ్యాధులలో లోహపు స్టెంట్లను ఇతర మార్గాలన్నీ పరిశీలించాకే వాడాలని అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2005లో వైద్యులను హెచ్చరించింది.

స్టెంటు ఉన్న రోగి సెలైన్ ఆవిరి పీల్చడం, కఫం బయటకు తెచ్చే వ్యాయామాలు చేయడం ప్రతిరోజూ పాటించాలి. ఆ స్టెంటు ఏ రకానిదో, ఎక్కడ, ఏ తేదీన అమర్చారో తెలిపే పత్రాన్ని ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలి.

బెంగాల్, దక్షిణాది మధ్య

2020లో హైదరాబాద్‌లోని కిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సందీప్ అత్తావర్ బృందం, సార్కాయిడోసిస్‌తో బాధపడుతూ కొవిడ్ సోకిన చండీగఢ్ రోగికి రెండు ఊపిరితిత్తులను మార్చింది. ఆ ఊపిరితిత్తులు కోల్‌కతాలో జీవన్మృతుడైన దాత నుంచి విమానంలో వచ్చాయి. మరుసటి ఏడాది, 2021 సెప్టెంబరులో, సూరత్ నుంచి తెచ్చిన ఊపిరితిత్తులతో కోల్‌కతాలోని మెడికా ఆసుపత్రిలో తూర్పు భారతంలో తొలి మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. దాత శరీరం నుంచి తీసిన ఊపిరితిత్తిని కొద్ది గంటలలోనే అమర్చవలసి ఉన్నందున అవయవానికి విమానం, హరిత మార్గం సిద్ధమవుతాయి. తర్వాతి పరీక్షలకు వెళ్లే రోగి ప్రయాణాన్ని మాత్రం కుటుంబమే ఏర్పాటు చేసుకోవాలి.

దేశంలో అవయవ మార్పిడికి 1994 నాటి చట్టం, దాని 2011 సవరణ ఆధారం. తూర్పు ప్రాంతీయ సమన్వయ సంస్థ కోల్‌కతాలోని ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రి ప్రాంగణంలోనూ, దక్షిణ ప్రాంత సంస్థ చెన్నైలోనూ పనిచేస్తున్నాయి. తెలుగు రాష్ట్రాలలో జీవన్‌దాన్ పథకం ద్వారా కేటాయింపులు జరుగుతాయి. మరణానంతర దాతల అవయవాల కోసం పేరు నమోదుకు స్థానిక నివాస ధ్రువీకరణ కోరరాదని 2023లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు సూచించింది. కనుక ఖరగ్‌పూర్ నివాసి హైదరాబాద్ లేదా చెన్నై ఆసుపత్రి ద్వారా నమోదు చేసుకునే వీలుంది. అక్కడ పేరు నమోదు చేసుకోవడమంటే, శస్త్రచికిత్స తర్వాత కొన్ని నెలలు ఆ నగరంలోనే నివాసం ఉండటానికి సిద్ధపడటం కూడా.

అతుకు విడిపోయే ముప్పు తొలి ఐదు వారాలలో, ఇరుకయ్యే ముప్పు తొలి తొమ్మిది నెలలలో అధికం. ఈ కారణంగానే తొలి మూడు నెలలైనా ఆసుపత్రికి అందుబాటులో ఉండాలని మార్పిడి కేంద్రాలు సాధారణంగా కోరుతాయి. అద్దె ఇల్లు, తోడుగా ఉండే బంధువు, ఆదాయ నష్టం వంటివాటిని శస్త్రచికిత్స వ్యయంతో పాటే లెక్కించుకోవాలి. రైల్వే ఉద్యోగులు, ఆరోగ్య పథకంలో ఉన్న విశ్రాంత ఉద్యోగులు ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రి వైద్యుల ద్వారా రెఫరల్ కోరేటప్పుడు, తదుపరి బ్రాంకోస్కోపీలు, జీవితాంతం వాడవలసిన మందుల విషయాన్ని కూడా ముందే లిఖితపూర్వకంగా స్పష్టం చేసుకోవడం మేలు.

ఇంటికి చేరిన తర్వాత

ఇంట్లో వాడే చిన్న స్పైరోమీటర్‌తో రోజూ ఒకే సమయానికి ఊది, ఆ అంకెను పుస్తకంలో రాసుకోవాలి. తన ఉత్తమ స్థాయి కంటే 10 శాతం లేదా అంతకు మించి తగ్గుదల రెండు రోజులు కొనసాగితే మార్పిడి కేంద్రానికి ఫోన్ చేయాలి. కొత్తగా వచ్చిన ఆయాసం, ఊపిరి తీసేటప్పుడు లేదా వదిలేటప్పుడు శబ్దం, కఫం వెలుపలికి రాకపోవడం, దుర్వాసనతో కూడిన కఫం, జ్వరం కూడా అదే రోజు తెలియజేయవలసిన లక్షణాలు. స్టెరాయిడ్లు వాడే రోగిలో తీవ్రమైన అంటువ్యాధి ఉన్నా జ్వరం స్వల్పంగానే కనిపించవచ్చు. కఫంలో రక్తం పడినా, ఉన్నట్టుండి శ్వాస అందకపోయినా దూరప్రయాణం తలపెట్టకుండా దగ్గరలోని అత్యవసర విభాగానికి వెళ్లాలి. అక్కడ పరిస్థితి నిలకడకు వచ్చాక, తరలింపుపై నిర్ణయాన్ని రెండు చోట్ల వైద్యులు మాట్లాడుకొని తీసుకుంటారు.

స్థానిక వైద్యుడు రాసే ఏ కొత్త మందునైనా మార్పిడి బృందానికి తెలిపిన తర్వాతే వాడాలి. వోరికొనజోల్ వంటి బూజు మందులు, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు రక్తంలో టాక్రోలిమస్ పరిమాణాన్ని ప్రమాదకరంగా పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దానిని బాగా తగ్గించి తిరస్కరణకు దారి తీయగలదు. బెంగాల్‌లో విరివిగా దొరికే పంపరపనస కూడా ఈ మందు స్థాయిని పెంచే అవకాశం ఉన్నందున దానికి దూరంగా ఉండటం మంచిది.

ఇంటికి బయలుదేరే ముందే కుటుంబం మార్పిడి కేంద్రం నుంచి ఐదు వివరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి: చివరి బ్రాంకోస్కోపీలో అతుకు స్థితి, రోగి ఉత్తమ స్పైరోమెట్రీ అంకె, మందుల మోతాదులు, తదుపరి పరీక్షల తేదీలు, ఏ వేళనైనా పలికే ఫోన్ నంబరు. ఈ పత్రం ఒక ప్రతిని ఖరగ్‌పూర్‌లో రోగిని చూసే వైద్యునికి ముందుగానే అందజేస్తే, అత్యవసర వేళ రోగి చరిత్రను మొదటి నుంచి వివరించే పని ఉండదు. మార్పిడి జరిగిన తొలి ఏడాది పరీక్షల తేదీలకు అనుగుణంగా రైలు టికెట్లు ముందుగా రిజర్వు చేసుకోవడం, ఆరోగ్యం బాగానే ఉందనిపించినా ఆ పరీక్షలను మానకపోవడం అవసరం. శ్వాసనాళం గణనీయంగా మూసుకుపోయే వరకు కొందరు రోగులకు ఎలాంటి ఆయాసమూ తెలియదు. తొలిదశలోనే కనిపించిన ఇరుకును విస్తరించడం, పూర్తిగా మూసుకున్న మార్గాన్ని తెరవడం కంటే ఎంతో సులభం.